పక్కనుండే మాట

16-06-2025, సోమవారం

పనులు: రెండు గదులు కడగడం. బట్టలు 14. మినప్పప్పు రుబ్బడం. కరివేపాకు మొక్కకు బియ్యం కడిగిన నీళ్ళు. ఆయనకు మందులు ఉదయం 3, మధ్యాహ్నం 1, రాత్రి 3. కుడిచేతి వ్యాయామం 20 నిమిషాలు. పేరు పిలవడం ఉదయం 10, సాయంత్రం 10: చేశాను (మనసులో).

స్ట్రోక్ వచ్చి ఈరోజుకు నలభై ఎనిమిది రోజులు. కాలు బాగుంది. చెయ్యి స్పూను పట్టుకుంటోంది. మాట మాత్రం ఒక్కటీ లేదు. అన్నీ అర్థమవుతాయి. అన్నం వేడిగా ఉందంటే ఊదుకుంటారు, ఫ్యాను పెంచాలా అంటే వద్దని చెయ్యి ఊపుతారు. లోపలున్న మాట బయటికి రావడానికే దారి లేదు. ఇరవై రెండేళ్ళు మా ముందు గదిలో కూర్చుని యానాంలో సగంమందికి ఇంగ్లీషు మాట్లాడడం నేర్పిన మనిషి.

కాకినాడలో స్టెల్లాగారని మాటలు నేర్పే ఆవిడ దొరికారు. బుధవారం బుధవారం వెళ్ళాలి. మొత్తం ఎనిమిది సిట్టింగులు. ఎనిమిది అయ్యేలోపు ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పగలిగితే తర్వాతి దశకు, అంటే వాక్యాలకు తీసుకుంటారు. చెప్పలేకపోతే ఇంటి దగ్గరే సాధన చేసుకోమని పంపేస్తారు. ఆవిడ తప్పేమీ కాదు, బయట బెంచీ మీద కూర్చోడానికి చోటుండదు, అంతమంది.

ఇంటి దగ్గర చెయ్యమన్నది చిన్న పని. ఉదయం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు ఆయన్ని పేరుపెట్టి పిలవాలి. పిలిచి ఆగాలి. తర్వాత నన్ను చూపించుకుని నా పేరు చెప్పాలి. మళ్ళీ ఆగాలి.

మేలు: ఆయన దగ్గర చదువుకునే ఆగ్నెస్ కనకాలపేట నుంచి వస్తూ తన సైకిలు మీద మందుల పెట్టె మోసుకొచ్చింది. అడగకుండానే.

17-06, మంగళవారం

బట్టలు 9. పేరు పిలవడం: చేశాను.

18-06, బుధవారం

రెండో సిట్టింగ్. స్టెల్లాగారు నా ఫోటో చూపించి ఎవరండీ అని అడిగారు. ఆయన ఫోటో చూశారు, నన్ను చూశారు, నోరు తెరిచారు, మూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అమ్మాయి ధనశ్రీ ఫోటోకీ అంతే. సున్నా రాసుకున్నారు. ఇంటి దగ్గర చేయిస్తున్నారా అమ్మా అని నన్నడిగారు. చేయిస్తున్నానండి అన్నాను.

మేలు: బస్సులో ఎవరో లేచి ఆయనకు సీటిచ్చారు. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ.

21-06, శనివారం

పనులు: బియ్యం ఏరడం. ముందు గది బెంచీలు తుడవడం. బూజు దులపడం. పేరు పిలవడం: చేశాను.

బెంచీలు ఊరికే తుడవలేదు. పొద్దున ఆగ్నెస్ వచ్చింది. ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ, నర్సు శిక్షణకు ఇంగ్లీషు కావాలని మూడేళ్ళుగా ఆయన దగ్గర నేర్చుకుంటోంది. సాయంత్రం బ్యాచి నలుగురూ మళ్ళీ వస్తామంటున్నారని చెప్పింది. పాఠం చెప్పేదెవరని అడిగాను.

“మాస్టారి నోట్సుంది కదక్కా. మేం చదువుకుంటాం. ఆయన అలా కుర్చీలో కూర్చుంటే చాలండి. ఎదురుగా ఆయనుంటే తప్పు చదవడానికి భయమేత్తాది.”

నేను వద్దందామనుకున్నాను. ఆయన అప్పటికే లేచి ముందు గదిలోకి నడిచారు, గోడ పట్టుకోకుండా.

24-06, మంగళవారం

ఈరోజు పనుల పట్టిక రాయను.

మాట వచ్చింది.

వివరంగా రాసి ఉంచుకోవాలి. సాయంత్రం ఆరింపావు. నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. ఆయన పద్ధతి నాకు కొత్తేం కాదు, గోడవతల నుంచి ఇరవై రెండేళ్ళుగా వింటున్నదే. కాగితం మధ్యలో ఒక మాట రాసి చుట్టూ దానితో కలిసి వచ్చే మాటలన్నీ రాయిస్తారు. ఒంటి మాట నేర్చుకుంటే మరిచిపోతారు, జంట నేర్చుకోండి అనేవారు. ఈరోజు పేజీలో మధ్యమాట చార్జ్. ఆగ్నెస్ చదువుతోంది, మిగతావాళ్ళు అప్పజెబుతున్నారు. బస్ చార్జ్, అది ఖర్చు. ఫోన్‌కి చార్జ్, అది కరెంటు. చార్జ్ షీట్, అది నేరం. టేక్ చార్జ్, అంటే బాధ్యత నెత్తిన వేసుకోవడం. ఫ్రీ ఆఫ్ చార్జ్, అంటే ఉచితం. ఒకే మాటకు ఇన్ని కొంపలు. పక్కన ఎవరున్నారో చూసి అది ఏ ఇంటిదో పోల్చుకోవాలట. ఇంగ్లీషువాళ్ళకు మాటల కరువేమో అనుకున్నాను.

అంతలో ఆగ్నెస్ “లాఠీ” అని, పేజీ అతుక్కుపోతే వేలు తడిచేసుకోడానికి ఆగింది.

“చార్జ్” అన్నారు.

మగ గొంతు. బ్యాచిలో మగవాళ్ళు ఇద్దరున్నారు గానీ ఆ గొంతు వాళ్ళది కాదు. నేను కత్తిపీట మీంచి లేచి గుమ్మంలోకి వచ్చాను. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన కూడా ఎవరన్నారా అన్నట్టు చుట్టూ చూస్తున్నారు. ఆగ్నెస్ గబగబా “ఫ్రీ ఆఫ్” అంది. “చార్జ్.” “టేక్” అంది. “చార్జ్.” అలా ఏడుసార్లు. ఏడుసార్లూ తడబడలేదు.

“యాభై ఆరు రోజులు నోరు కట్టేసుకుని, తెరవగానే మామీద లాఠీచార్జీయేనా మాస్టారూ” అంది ఆగ్నెస్. ఆయన నవ్వారు. ఆ నవ్వుకు నోరు కొంచెం ఎడంపక్కకు వంకర పోయింది. ఎంత బాగుందో.

ధనశ్రీకి ఫోన్ చేశాను. పాండిచ్చేరి హాస్టల్లో అందరిముందూ ఏడ్చేసిందట.

మేలు: ఆగ్నెస్. ఆ అతుక్కుపోయిన పేజీ కూడా.

25-06, బుధవారం

మూడో సిట్టింగ్. స్టెల్లాగారికి చెబితే ఆశ్చర్యపోలేదు, సంతోషించారు. మాట ఒంటరిగా అడిగితే ఎక్కడుందో వెతుక్కోవాలట. పాతికేళ్ళు పక్కపక్కనే తిరిగిన మాటల్లో ఒకదాన్ని లాగితే రెండోది దానంతటదే వస్తుందట. ఇంగ్లీషుకే కాదు, తెలుగుకూ అంతేనన్నారు. ఇంట్లో జంటలు ఏరుకొచ్చి మొదటిది నేనని, రెండోది ఆయన చేత అనిపించాలి.

ఫోటో: సున్నా.

27-06, శుక్రవారం

పనులు: ఇడ్లీ పిండి. బట్టలు 11. దిండ్లు ఎండలో. జంటలు 20.

ఉప్పు–కారం, వచ్చింది. ఎండా–వానా, వచ్చింది. కూరా–నారా, వచ్చింది. పెళ్ళీ–పేరంటం, వచ్చింది. అత్తా–కోడలు, రాలేదు. (మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆ జంట ఈ ఇంట్లో తిరగలేదు.) ఇరవైకి పదమూడు.

పేరు పిలవడం: చేశాను.

28-06, శనివారం

ఇరవైకి పదిహేను.

04-07, శుక్రవారం

పనులు: ఫ్రిజ్ కడగడం. మామిడి ఒరుగులు డబ్బాకెత్తడం. జంటలు 30, వచ్చినవి 24. పేరు పిలవడం: చేశాను.

బ్యాచి ఇప్పుడు ఆరుగురు. ఆయన ఇంగ్లీషు జంటలు రెండో మాటే కాదు, ఒక్కోసారి రెండూ కలిపి అనేస్తున్నారు. ఆగ్నెస్‌ని చూసి “వెరీ గుడ్” అన్నారు. సెల్ షాపు లూయిస్ ఆలస్యంగా వస్తే “టూ లేట్” అన్నారట. లూయిస్ బయటికి వెళ్ళి చెప్పులేసుకుని మళ్ళీ మొదట్నుంచి లోపలికొచ్చాడు, మళ్ళీ అనిపించుకోడానికి.

అందరూ వెళ్ళాక టీ ఇచ్చాను. బాగుందా అన్నాను. తల ఊపారు.

నాకేం బాధ లేదు. బెంచీల మీద కూర్చునేవాళ్ళతో మాటలు, నాతో తల ఊపడం. రావలసినవాళ్ళకు వస్తున్నాయి. అసలు వస్తున్నాయి, అది చాలు.

09-07, బుధవారం

ఐదో సిట్టింగ్. జంటలు బ్రహ్మాండం అన్నారు. ఫోటో: సున్నా. ధనశ్రీ ఫోటోకి మాత్రం “ధన” అన్నారు. అరమార్కు వేశారు.

నాకేం బాధ లేదు.

10-07, గురువారం

బట్టలు 10. పేరు పిలవడం: చేశాను.

16-07, బుధవారం

ఆరో సిట్టింగ్. ధనశ్రీకి పూర్తి మార్కు. నాకు సున్నా. ఇంకా రెండే ఉన్నాయమ్మా, మీ పేరు దగ్గరే ఆగిపోయాం అన్నారు. తిరుగు బస్సులో కిటికీలోంచి రొయ్యల చెరువులు లెక్కపెట్టాను. నీలపల్లి దగ్గరకు వచ్చేసరికి లెక్క తప్పింది.

మేలు: స్టెల్లాగారు బెంచీ మీద వాళ్ళను ఇంకో పావుగంట కూర్చోబెట్టి మరీ ప్రయత్నించారు. వాళ్ళలో ఒక్కరూ విసుక్కోలేదు.

23-07, బుధవారం

పనులు: ఏమీ చెయ్యలేదు. పొద్దున వండిందే రెండుపూటలా.

ఏడో సిట్టింగ్. ఫోటోకి సున్నా పడ్డాక స్టెల్లాగారు పెన్ను పక్కన పెట్టారు. ఇంటి దగ్గర ఎలా చేయిస్తున్నారో ఒకసారి నా ముందు చెయ్యండమ్మా, ఆయన్ని పిలవండి, వింటాను అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఆయన నా వైపు చూస్తున్నారు. నోరు తెరిచాను. రాలేదు. స్ట్రోక్ ఆయనకొస్తే నాకు మాట పోయినట్టుంది. చివరికి “ఏవండీ” అన్నాను.

“అది కాదమ్మా, పేరు.”

నిలబడే ఉన్నాను. ఆవిడకు అర్థమైంది. నాకంటే చిన్నావిడ, మెళ్ళో సన్నటి శిలువ గొలుసు. వాళ్ళింట్లో ఈ పట్టింపు ఉందో లేదో నాకు తెలియదు.

“ఎన్నేళ్ళయిందమ్మా పెళ్ళయ్యి?”

“ఇరవై ఆరండి.”

“ఎప్పుడూ పిలవలేదా?”

“కాగితాల మీద రాస్తానండి. నోటితో అనను.”

“ఆయన మిమ్మల్ని ఏమని పిలుస్తారు?”

“పిలవరండి. ఇదిగో అంటారు. లేకపోతే అమ్మాయి పేరెట్టి కేకేస్తారు, నేను పలుకుతాను.”

ఆవిడ సున్నాలు వేసిన కాగితం మళ్ళీ తిరగేశారు. తర్వాత నెమ్మదిగా, “ఆరు వారాలుగా ఈయనకు రావట్లేదని నేను సున్నాలు రాస్తున్నాను. అసలు లేని అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుందండీ? ధనశ్రీ పేరు ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైంది. మీ పేరు ఈయన నోట్లో ఏ మాట పక్కనా లేదు” అన్నారు.

కోప్పడి ఉంటే బాగుండేది. నేను చేశాను, చేశాను అని రాసిన పుస్తకం సంచిలోనే ఉంది.

24-07, గురువారం

ఈ పుస్తకంలో ఈ ఒక్క పద్దు తప్ప, పప్పు డబ్బా తూకం దగ్గర్నుంచి ఏదీ అబద్ధం రాయలేదు. అందుకని ఇదీ రాస్తున్నాను. జూన్ 12 నుంచి జూలై 22 వరకు నలభై ఒక్క రోజులు. రోజుకు ఇరవై పిలుపులు. మొత్తం 820. చేసినవి సున్నా. మనసులో అన్నవి లెక్కలోకి రావు. మొదటి నాలుగైదు రోజులు తప్ప మనసులో కూడా అనలేదు.

820 బాకీ.

సాయంత్రం గోడవైపు తిరిగి ప్రయత్నించాను. మొదటి అక్షరం వచ్చింది. ఆయన గదిలోంచి తొంగి చూశారు. పప్పులో పోపు వేస్తున్నట్టు నటించాను. పొయ్యి వెలిగించి లేదు.

26-07, శనివారం

పనులు: తలంటు ఇద్దరికీ. పులిహోర. వెంకన్న గుడి. మిగతావి రేపు.

శ్రావణమాసం మొదటి శనివారం. స్ట్రోక్ తర్వాత గుడికి వెళ్ళడం ఇదే మొదలు. కోరుకోవడానికి వెళ్ళలేదు. ఉన్నదానికి దండం పెట్టుకోవాలని. నడుస్తున్నారు, తింటున్నారు, వెరీ గుడ్ అంటున్నారు.

లైను బయటి గేటు దాకా ఉంది. ఆగ్నెస్ ఆసుపత్రి డ్యూటీకి పోతూ చూసి, ఎవరితో ఏం చెప్పిందో, ఆయన్ని పక్కనుంచి లోపలికి తీసుకెళ్ళనిచ్చారు. తాను మెట్ల దగ్గరే ఆగిపోయింది.

పూజారిగారు పళ్ళెం అందుకుని, తల ఎత్తకుండానే గోత్రం అన్నారు. ఎప్పుడూ ఆయనే చెబుతారు. ఇప్పుడు నేనే చెప్పాలి. గోత్రం చెబితే తర్వాత ఇంటిపెద్ద పేరు చెప్పాలి. ఆ ఆలోచనతోనే నా నాలుక అతుక్కుపోయింది. వెనక జనం నెడుతున్నారు. పూజారిగారు మళ్ళీ, “గోత్రం చెప్పండమ్మా” అన్నారు. నేను నోరు తెరిచి ఊరుకున్నాను.

“పైడిపాల గోత్రం, ఉమామహేశ్వరం, సత్యవేణి, ధనశ్రీ.”

ఆయనే. ఒక్క ఊపిరిలో. మధ్యలో ఆగలేదు. పూజారిగారికి అందులో వింతేముంది, అవే పేర్లు రాగం తీసి చదివి, కొబ్బరికాయ కొట్టి, శఠగోపం పెట్టి పంపేశారు. నేను తీర్థం పట్టుకోవడం మరిచిపోయాను.

ఇరవై ఆరేళ్ళలో ఎన్నిసార్లు గుడికి వచ్చామో. వచ్చినప్పుడల్లా ఆయన నా పేరు చెబుతూనే ఉన్నారు. నాకు కాదు, దేవుడికి. ఆ వరసలో, తన పేరుకూ అమ్మాయి పేరుకూ మధ్య. నేను పక్కనే చేతులు జోడించుకుని కళ్ళు మూసుకునుండేదాన్ని. వినలేదు. స్టెల్లాగారు ఎక్కడా లేదన్న మాట అక్కడుంది.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చోబెట్టి, మళ్ళీ అనండి అన్నాను. అనలేకపోయారు. నన్ను చూసి నవ్వారు. పర్వాలేదు. ఉందని తెలిసింది.

ఆయన బాకీ లేదు. ఉన్నదంతా నాదే.

మేలు: ఈరోజు రాయడానికి చోటు చాలదు.

27-07, ఆదివారం

బట్టలు 16. ఈరోజూ పిలవలేదు.

29-07, మంగళవారం

పనులు: మిరపకాయలు తొడిమలు తీయడం. జంటలు 30, వచ్చినవి 29. పిలవడం 0. ఈసారి సున్నా అనే రాస్తున్నాను.

30-07, బుధవారం

ఎనిమిదో సిట్టింగ్. రాత్రి నిద్రలేదు గానీ అది పనుల్లోకి రాదు.

స్టెల్లాగారు ఫోటో చూపించారు. ఆయన చూశారు. నోరు కదిలింది. రాలేదు. ఆవిడ పెన్ను తీశారు. నేను ఆగమన్నాను. గుడిలో అడిగినట్టు అడిగి చూడండి, గోత్రం అడగండి అన్నాను. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను.

ఆవిడ సర్దుకుని కూర్చున్నారు. బల్ల మీది పళ్ళెంలోంచి ఆటబొమ్మ పళ్ళు తీసేసి, ఆ ఖాళీ పళ్ళెం చేతిలో పట్టుకున్నారు. ఆవిడకు నవ్వొస్తోంది గానీ ఆపుకున్నారు.

“గోత్రం అండీ?”

“పైడిపాల గోత్రం, ఉమామహేశ్వరం, సత్యవేణి, ధనశ్రీ.”

మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పారు. మూడోసారి ఆయన తన పేరు చెప్పగానే ఆవిడ పళ్ళెం దించి నా ఫోటో ఎత్తారు. ఆయన ఆగారు. ఫోటో చూశారు. తర్వాత తల తిప్పి ఫోటోను కాదు, నన్ను చూశారు.

“సత్య... వేణి.”

ఈసారి వరసలో కాదు. వెతుక్కుని, తీసి, నాకే ఇచ్చారు. స్టెల్లాగారు ఒకటి అంకె వేసి చుట్టూ గుండ్రంగా రెండుసార్లు గీశారు. ఆగస్టు 6 నుంచి వాక్యాలు మొదలు. ఆవిడ చేతులు పట్టుకున్నాను. దండం పెడితే ఒప్పుకోలేదు. “మీ వంతు మిగిలిందమ్మా” అన్నారు, అంతే.

తిరుగు బస్సు అమలాపురం వెళ్ళేది, కిక్కిరిసి ఉంది. నాకు ముందు ఆడవాళ్ళ సీట్లలో చోటు దొరికింది. ఆయనకు వెనక ఎవరో లేచి ఇచ్చారు. యానాం వచ్చింది. దిగేవాళ్ళు దిగుతున్నారు. తిరిగి చూస్తే ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నారు. మధ్యలో మనుషులు, బుట్టలు, గోనెసంచులు. ఏవండీ అన్నాను. ముగ్గురు మగవాళ్ళు తిరిగారు, ఆయన తప్ప. కండక్టరు రైట్ అనబోతున్నాడు. బస్సు కదిలితే వంతెన దాటి ఎదుర్లంకలోనే ఆగడం.

“ఉమామహేశ్వరంగారూ.”

బస్సంతా వినబడింది. నాకే ఎవరో పిలిచినట్టుంది. పక్క సీటులో ఆవిడ, మీకు చదువు చెప్పిన మాస్టారా అమ్మా అని అడిగింది. మా ఆయనండి అన్నాను. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

ఆయన కళ్ళు తెరిచారు. ఎవరా అని చూసి, నన్ను చూసి, సీటు కమ్మీ పట్టుకుని లేచారు.

“ఆఁ. వస్తున్నా.”

ఈ జంట ఎవరూ నేర్పలేదు. నా పట్టికల్లో ఎక్కడా లేదు. జనం ఒత్తిగిలి దారిచ్చారు. ఆయన దిగేదాకా కండక్టరు విజిల్ వెయ్యలేదు. ఆటోస్టాండు దాకా నడిచాం. ఆటో ఎక్కుతూ నన్ను చూసి, వంకర నవ్వు నవ్వారు.

పనులు: సాయంత్రం బ్యాచికి బెంచీలు తుడవడం. బట్టలు 8. మందులు ఇవ్వడం. జంటలు చెయ్యలేదు.

మేలు: స్టెల్లాగారు, ఆగ్నెస్, బస్సులో లేచినాయన, ఆగిన కండక్టరు.

పిలవాల్సినవి 820. పిలిచింది 1. పలికారు. బాకీ చెల్లు.